మా వియ్యంకుడి చెవి

కిందటి కార్తీకమాసంలో ఒక ఆదివారం, ఉదయం ఆరుంబావుకు, జోరువానలో మా వియ్యంకుడి కారు బ్లోయరు ఆగిపోయింది. ఎనిమిదింటికి ఒంగోలులో మా మనవరాలి పెళ్లి ముహూర్తం. తెల్లని మధుపర్కాలు నా ఒళ్లో ఉన్నాయి. అద్దాలు మూస్తే ఆవిరి పట్టి దారి కనబడదు, దించితే బట్టలు తడుస్తాయి.

ఏ యంత్రం మొరాయించినా ఆయన ముందు చెవి ఆనిస్తారు. మా మిక్సీకీ అంతే చేశారు. మాడిన ఫ్యూజు మార్చి, నన్ను స్విచ్ వేయమని, డ్యాష్‌బోర్డుకు చెవి ఆనించారు.

"తొందరగా కానివ్వండి, అన్నయ్యగారూ."

"ముందు దాన్ని చెప్పనివ్వండి, చెల్లెమ్మగారూ."

"అది చెప్పేలోపు అక్కడ పంతులుగారు మంత్రాలన్నీ చెప్పేస్తారు."

లోపల ఏదో మూలిగింది. కొత్త ఫ్యూజూ మాడింది.

"మోటారు తిరగబోయి ఆగుతోంది. ఏదో అడ్డుపడింది" అంటూ ఆయన నా కాళ్ల దగ్గర నుంచి ఫ్యాను విప్పారు. రెక్కల నిండా మిరప తొడిమలు. ఆయన మిర్చి వ్యాపారి, శాంపిల్ సంచులు యార్డుకు ఈ కారులోనే వెళ్తాయి. అన్నీ ఏరి, ఫ్యాను బిగించి, మిగిలిన ఒక్క ఫ్యూజూ వేశారు. స్విచ్ మీద చెయ్యి పెట్టి, ఏమనుకున్నారో, కొత్త పట్టు కండువా తీసి మధుపర్కాల మీద కప్పారు. తర్వాత నొక్కారు. గొట్టాల్లో పేరుకున్న కారమంతా మా మీదికి వచ్చింది.

ముహూర్తానికి పది నిమిషాల ముందు, కళ్లనీళ్లతో, తుమ్ముతూ మండపం ముందు దిగాం.

"అప్పగింతలు ఇంకా కాలేదు, అప్పుడే ఏడుపేంటమ్మా?" అంది మా అమ్మాయి.

మధుపర్కాలకు ఒక్క మరకా అంటలేదు. పోయినవి రెండు ఫ్యూజులు, ఒక పట్టు కండువా, పెళ్లి ఫొటోల్లో మా ఇద్దరి కళ్లు.