అవ్వ నవ్విన ఫోటో

నా చిన్నప్పుడు అంటే మరీ రాతియుగమేమీ కాదు, రెండువేల పదికి కాస్త అటూ ఇటూ. కానీ మా పిల్లలు ప్రశ్నలు వేసే తీరు చూస్తే, నేను గుహలో గోడ మీద దున్నపోతు బొమ్మలు గీసుకుంటూ పెరిగానని వాళ్ళ నమ్మకం. కాదు నాయనా, మాకు కెమెరా ఉండేది. సరిగ్గా చెప్పాలంటే మా మామకు ఉండేది.

పత్తికొండలో మాది కిరాణా అంగడి. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, పక్క వీధిలో సైకిలు సామాన్లు అమ్మేవాడు. బెంగుళూరులో ఎవరో వాడి అమ్మేసిన చిన్న కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడు. అరచేతిలో ఇమిడేది. ముందున్న లెన్సు తిప్పితే ఊడొచ్చేది, దాని స్థానంలో ఇంకొకటి బిగించుకోవచ్చు. ఆ సంగతి చూపించడానికి ఆయన లెన్సు ఊడదీయగానే మా అవ్వ, మా నాయన తల్లి, "తెచ్చిన దినమే ఇరగ్గొట్టినాడు" అని తేల్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం అంగళ్ళు కట్టేశాక మా ఇంట్లో సభ జరిగేది. మా టీవీ పెద్దది కాబట్టి మా ఇల్లు. మామ కాక సభ్యులు ఇద్దరు. ఒకరు బస్టాండు ఎదురుగా వాచీలు రిపేరు చేసే భాయ్, ఇంకొకరు కాలేజీలో లెక్కలు చెప్పే సారు. కెమెరాకూ టీవీకీ మధ్య వైరు తగిలించి ఆ వారం తీసిన ఫోటోలు ఒక్కొక్కటే వేసేవారు. ఒకటే నియమం. ఫోటో తీసినవాడు నోరెత్తకూడదు, చూసేవాళ్ళే మాట్లాడాలి. మా ఊళ్ళో ఇంత క్రమశిక్షణతో నడిచిన సభ పంచాయతీలో కూడా నేను చూడలేదు.

మామకు ఒక పాత లెన్సు మీద ప్రాణం. అది ముందున్న మనిషిని కోసినట్టు చూపించి, వెనక ఉన్నదంతా మసక చేసేది. టమాటా మార్కెట్లో హమాలీ ముఖం మీది చెమట చుక్క కనబడేది. అతని వెనక మార్కెట్టు మాత్రం ఎర్రటి పొగ.

"ఎనకంతా నెయ్యి మాదిరి కరిగిపోయింది సూడప్పా!" అనేవాడు భాయ్. అది ఆయన ఇచ్చే అత్యున్నత పురస్కారం. లెక్కల సారు దానికి తల ఊపేవాడు. మామ నియమం ప్రకారం మాట్లాడేవాడు కాదు కానీ మీసం మాట్లాడేది.

మా అమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెచ్చి పెట్టేది. కూర్చునేది కాదు. పళ్ళెం దించుతూ టీవీ వైపు ఒకసారి చూసి, "నేను యాడన్నా పడినానారా?" అని అడిగేది. "ఎనకాల ఉండావులే అక్కా" అనేవాడు మామ, నియమంలో ఆ ఒక్క సడలింపుతో. "ఉంటే సాలు" అని లోపలికి వెళ్ళిపోయేది. ప్రతి వారం అదే ప్రశ్న, అదే జవాబు. బజ్జీల్లాగా అది కూడా సభలో భాగమైపోయింది.

ఒక ఎండాకాలం అమ్మకు జ్వరమని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు బస్సులో వెళ్ళింది. వచ్చేటప్పుడు వ్యానులో తెచ్చారు.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందని అందరూ చూశారు. కరెంటు పోయినప్పుడు ఫ్యాను కింద కూర్చుని పైకి చూస్తామే, అలా నేను కూడా చూశాను. రాలేదు. చుట్టాలు నన్ను ఒళ్ళోకి లాక్కుని నా బదులు వాళ్ళే ఏడ్చారు. వాళ్ళ చీరల జరీ చెంపకు గుచ్చుకున్నది గుర్తుంది. ఇంకేమీ పెద్దగా గుర్తు లేదు. మా నాయన తూకం రాళ్ళను తుడుస్తూ కూర్చునేవాడు. అవి తెల్లబడ్డాయి.

దినాలు దగ్గర పడ్డాక ఫోటో సంగతి వచ్చింది. దండ వేయడానికి ఫోటో కావాలి. మా ఇంట్లో అమ్మ ఫోటో అంటే రేషను కార్డు మీదిదే. దాని మీద ముద్ర పడి గడ్డం ఊదా రంగులో ఉంటుంది. స్టూడియో ఆయన ధైర్యం చెప్పాడు. ఆయన కంప్యూటరులో తలల్లేని ఒళ్ళు సిద్ధంగా ఉంటాయట, మగవాళ్ళకు కోటు, ఆడవాళ్ళకు కంచిపట్టు చీర, కాసులపేరు. మనం తల ఇస్తే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు. చూసుకున్నాడు. నగలతో వెలిగిపోతున్న ఎవరో ఆమె మెడ మీద, కదలొద్దని ఎవరో గద్దించినట్టు మా అమ్మ ముఖం. ఆ బొమ్మ చూసి మామ వెంటనే లేచాడు. ఇంటికెళ్ళి తన ఫోటోలన్నీ మొదటి నుంచి వెతికాడట. అక్క ముఖం ఒక్కటి తేటగా దొరికితే చాలు, ఆ కాసులపేరు ఆమెను తీసేయిద్దామని.

ఆదివారం వచ్చింది. మామ ఎప్పటిలాగే వైరు పట్టుకుని వచ్చాడు, వెనక భాయ్, సారు. అవ్వ గడపలో నిలబడి అడ్డుకుంది. "మైల ఇంట్లో టీవీ ఏందిరా? సిగ్గుండల్లా మీకు!"

"సినిమా కాదత్తా. కొంచేపే" అన్నాడు మామ. నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మొదటి ఫోటో మా అంగడి ముందు నేను బెల్లం ముక్క కొరుకుతున్నది. నా పంటి మీద బెల్లం కూడా కనబడుతోంది. భాయ్ అలవాటు చొప్పున, "ఎనకంతా నెయ్యి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. లెక్కల సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మామ ఫోటో మార్చలేదు, మాట్లాడలేదు. నియమం కదా. నా వైపు మాత్రం చూశాడు.

నా వెనక, గుమ్మం చీకట్లో, ఆకుపచ్చ మసక ఒకటి ఉంది.

"అది అమ్మ" అన్నాను. "సాటలో రాళ్ళు ఏరతాండాది."

"ఎట్ల తెలిసెరా నీకు?" అన్నాడు భాయ్ మెల్లగా.

"కుడి మోచెయ్యి పైకి లేసుండాది సూడు. రాళ్ళు ఏరేటప్పుడు అట్లే పెడ్తాది."

తర్వాతది ఒంటిమిట్ట తిరునాళ్ళలో తీసింది. ముందు గొడుగు పట్టుకున్న ముసలాయన, తెల్ల గడ్డంలో వెంట్రుక వెంట్రుకా కనబడుతోంది. ఆయన భుజం వెనక పసుపు మసక. ఆ మసక చేతిలో నల్లటి చుక్కలు రెండు. "నా చెప్పులు" అని చెప్పాను. గుడిలోకి పోతే చెప్పులు పోతాయని అమ్మ బయటే నిలబడి వాటిని పట్టుకుంది. దేవుణ్ణి చూడలేదు.

అలా మామ వేస్తూ పోయాడు, నేను చెబుతూ పోయాను. ఇది నీళ్ళు తోడేది. ఇది దోమలు తోలేది. ఇది మీకు బజ్జీలు తెచ్చేది, పొగ వస్తాంది సూడండి. పాఠం ఒప్పజెప్పినట్టే చెప్పాను, గొంతులో ఏ మార్పూ లేకుండా. ముగ్గురు పెద్ద మగవాళ్ళు మాత్రం తలలు దించుకుని విన్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళు నెయ్యి, నెయ్యి అని మెచ్చుకున్నది మా అమ్మను.

చివరిది అవ్వ ఫోటో. భాయ్ లెక్కలో మామ తీసినవాటిలో ఇదే గొప్పది. అవ్వ నోరంతా తెరిచి, పళ్ళు లేని చిగుళ్ళతో నవ్వుతోంది. వెనక తలుపు దగ్గర నీలం మసక.

"ఇది ఏం చేస్తాండాదో నాకు తెల్దు" అన్నాను.

"నాకు తెలుసు" అంది గడపలో నుంచి అవ్వ. ఆమె ఎప్పుడు లోపలికి తిరిగి చూసిందో ఎవరమూ గమనించలేదు. "వీడు ఆ డబ్బా నా తట్టు పెట్టినాడు. పండ్లు లేవని నేను నోరు మూసుకుంటి. ఎనకనుంచి మీయమ్మ, 'అత్తా, పండ్లు మంచం కింద మర్సిపోయినావు, తెచ్చియ్యల్నా?' అనె. యాడుండాయి నాకు పండ్లు, మంచం కింద!"

మైల ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వాక ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. మామ అప్పుడు నియమం తప్పాడు.

"లెన్సుది తప్పు కాదు. నేను యాడ సూసినానో అదొక్కటే పడింది" అన్నాడు. కెమెరా నా చేతిలో పెట్టి లెన్సు మీది ఉంగరం చూపించాడు. దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పించాడు. "ఇట్ల తిప్పింటే ముందుండేటోళ్ళు, ఎనకుండేటోళ్ళు అందరూ తేటగా పడ్తారు. వెలుతురు కొంచెం ఎక్కువ కావల్ల, అంతే."

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఈ సీమలో ఎండకేం కరువు?" అన్నాడు. ఆ తర్వాత ఆయన బయటికి వెళ్ళి మా అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు.

దినాల రోజు కాసులపేరు ఆమె గోడకు ఎక్కింది. తేట ముఖం దొరకలేదు కాబట్టి తప్పలేదు. కానీ దాని పక్కన తన ఫోటో కూడా పెట్టి తీరాలని అవ్వ పట్టుబట్టింది. పురోహితుడు ఉలిక్కిపడ్డాడు. బతికున్న మనిషి ఫోటోకు దండేమిటని అందరూ అడిగారు. "నాకెవరు ఎయ్యమనిరి? ఆ మూలకు ఎయ్యి, దాని మీదికి" అంది. చివరికి దండ ఫోటో మీద ఒక పక్కగా, నీలం మసక మీద మాత్రం పడేలా వేలాడింది.

వచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే తడబడ్డారు. ఫోటో వైపు చూస్తారు, అవ్వ అనుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు, ఇటు తిరిగితే అవ్వ మంచం మీద కూర్చుని ఉంటుంది. ఆదోని నుంచి వచ్చిన ఒక పెద్దాయన అయితే రెండడుగులు వెనక్కి వేశాడు. "ఉండానప్పా, నేనింకా ఉండా. నన్నేం సూస్తావు? ఎనకాల సూడు, ఎనకాల" అని అవ్వ ఒక్కొక్కరికీ చెప్పింది. ఒక్కొక్కరూ దగ్గరికి వెళ్ళి, మెడ చాచి, ఆ మసకలోకి చూశారు. అమ్మ బతికుండగా ఆమెను అంత శ్రద్ధగా అంతమంది చూసి ఉండరు.

ఆ రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. ఏళ్ళు గడిచాక వచ్చింది, డోన్ బస్టాండులో, ఎవరో వడ్డించిన ఉగ్గాని ముందు. కారం ఎక్కువైందా అని హోటలాయన మంచినీళ్ళు తెచ్చాడు. అవునన్నాను.

ఇప్పుడు మామ కెమెరా నా దగ్గరే ఉంది, ఆ పాత లెన్సుతో సహా. నా ఫోటోలు ఆ విద్య తెలిసినవాళ్ళకు నచ్చవు. వెనక అంతా గందరగోళంగా ఉందంటారు. బట్టల తీగ, గ్యాసు సిలిండరు, సగం చీపురు అన్నీ పడతాయి. మాట్లాడను, నియమం ఉంది కదా. మొన్న పిల్లలను ఫోటో తీస్తుంటే మా ఆవిడ తడి బట్టల బకెట్టుతో వెనక నుంచి వెళుతూ, "అడ్డం వచ్చానా?" అని ఆగింది.

లేదన్నాను. ఉంగరం ఆ చివరికి తిప్పి, ఆమె తీగ మీద బట్టలు ఆరెయ్యడం మొదలుపెట్టేదాకా ఆగి నొక్కాను.