మా కొట్టు అద్దాల వెనక నిలబడ్డవాడు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా కడుపులో దాచుకుని తిరిగాను. బరువుగానే ఉంది. అయినా క్షమించమని అడగడానికి రాలేదు. వినండి, అంతే.

బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో మాది బట్టల కొట్టు. ముందు అద్దాల వెనక నిలువెత్తు మగబొమ్మ ఉండేది. దానికి రోజూ చొక్కా మార్చేది నేనే. ఒకరోజు గుండీలు పెడుతుంటే ఆ బొమ్మే నోరు విప్పి, "మెల్లగ, మెడకాడ బిగుస్తుంది" అన్నాడు. బేరాలు వినీ వినీ హిందీ, ఇక్కడివాళ్ల హల్బీ, మన తెలుగు అన్నీ నేర్చుకున్నాడట. మధ్యాహ్నం నాన్న షటర్ సగం దించి భోజనానికి వెళితే, కిందికి దిగివచ్చి నా పక్కన కూర్చునేవాడు. అతన్ని ప్రేమించాను. నవ్వుతారా? నవ్వండి. నా మాట చివరిదాకా విన్న మగవాడు అతనొక్కడే.

అప్పుడే భోపాలపట్నం సంబంధం వచ్చింది. కిరాణా కొట్టు వాళ్లబ్బాయి, నెమ్మదస్తుడు. నాన్న సరేనన్నాడు. నాకిష్టం లేదని చెబితే సరిపోయేదా? ఏమో, ఆ ధైర్యమే చేయలేదు. ఆ అబ్బాయికి మూర్ఛ వస్తుందనీ, బస్సులో పడిపోతుంటే కళ్లారా చూశాననీ మా మేనత్త చెవిన వేశాను. బస్తర్‌లో మన తెలుగువాళ్లవి ఎన్ని ఇళ్లని? కొంటా నుంచి మద్దేడ్ దాకా అందరూ అందరికీ చుట్టాలే. సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత అతనికి ఎవరూ పిల్లనివ్వలేదు.

నేను చేసింది మా బొమ్మకు గొప్పగా చెప్పుకున్నాను.

"గాయన మంచోడేనా?" అన్నాడు.

"మంచోడే."

"మరి గట్లెందుకన్నవ్? ఆ మాట వాపస్ తీస్కో."

"తీస్కుంటే నాకు పెళ్లి చేసేస్తరు. నువ్వు గీ అద్దాల్లనే ఉంటవ్."

"ఉంటే ఏందట?"

నేను వాపసు తీసుకోలేదు.

నాన్న పోయాక కొట్టు నాదైంది. కొత్త బొమ్మలొచ్చినా ఇతన్ని పారేయనివ్వలేదు. ఇతని భుజం మీద రంగు పోయింది, నా జుట్టు నెరిసింది. సుఖంగానే ఉన్నాం. కానీ ఆ భోపాలపట్నం మనిషి ఎప్పుడైనా బట్టలకు వచ్చి, తనకొక్కడికే రెండు చొక్కాలు కొనుక్కుని, "బాగున్నవా అమ్మా" అని పలకరించి వెళితే, ఇతను గోడవైపు తిరిగిపోతాడు.

బొమ్మను ప్రేమించడం తప్పంటే ఒప్పుకోను. ఎవరొచ్చి అడిగినా ఒప్పుకోను. మళ్లీ పుట్టినా ఇతన్నే ఎంచుకుంటాను. ఆ అబద్ధం మాత్రం తప్పు. ప్రేమకోసమని దాన్ని వెనకేసుకు రాను. ఇది రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. మీరు ఎవరికైనా చెప్పండి. ఆ మాట ఎలా తిరిగిందో ఈ మాటా అలాగే తిరగాలి.

నేను ఏ బస్సులోనూ ఏమీ చూడలేదు. అతనికి ఏ జబ్బూ లేదు.