లైటు పెట్టించుకున్న మొహం

పెళ్లిచూపులకు పోయి ఒక వీధినంతా ఇళ్లల్లోకి పరిగెత్తించిన ఘనుణ్ని నేను. చెప్పుకోవాలంటే ఇప్పటికీ తల ఎత్తలేను. అయినా వినండి.

మాది పులివెందుల. ఎన్నికల్లో పార్టీ జీపు మీద నిలబడి ఎండలో ఊరూరా తిరిగితే పార్టీకి ఏం మిగిలిందో గానీ, నాకు మాత్రం సగం మాడిన దోసెలాంటి మొహం మిగిలింది. నుదురు ఒక రంగు, బుగ్గలు ఇంకో రంగు. సరిగ్గా అప్పుడే జమ్మలమడుగు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల ఫోటో చూశాక నా మీద నాకే జాలేసి ప్రొద్దుటూరికి పరిగెత్తాను. అక్కడ లైటు కొట్టి మొహమంతా ఒకే రంగుకు తెచ్చే మిషను కొత్తగా వచ్చింది.

“చూపులు ఎప్పుడప్పా?” అని అడిగింది, నా సంగతంతా విని, మిషను నడిపే ఆమె.

“ఎల్లుండి.”

“అయితే ఇప్పుడొద్దు. ఎండకు కమిలిన మొగానికి ఇది పెడితే కాల్తాది. చూపులైనాక రా.”

“కాలినా పర్లేదక్కా, తెల్లగైతే సాలు.”

ఇంత తెలివి మీకెక్కడైనా కనిపించిందా? మర్నాటికి బుగ్గల మీద నలుచదరంగా ఎర్రటి వాతలు తేలాయి. ఎండ తగిలితే అవి నల్లగా నిలిచిపోతాయని ఆమె హెచ్చరించింది. అందుకని చూపుల రోజు మొహానికి తువ్వాలు చుట్టి, నల్లద్దాలు పెట్టి మా మేనమామతో బస్సెక్కాను. జమ్మలమడుగులో దిగాక ఆయన పండ్లు కొంటూ బస్టాండులో ఆగాడు. నేను ఆగలేక ముందు నడిచాను. చేతిసంచిలో రెండు టెంకాయలు.

అవి ఫ్యాక్షను రోజులు. మొహానికి గుడ్డ చుట్టుకుని వచ్చేవాడి సంచిలో ఉండేవి నాటుబాంబులేనని పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం నా రంగు తప్ప ఏదీ గుర్తులేదు.

వాకిట్లో బియ్యం ఏరుతున్న పిల్ల తల్లి నన్ను చూసి చాట వదిలేసింది. నమస్కారం పెడదామని సంచి దించబోయాను. అరుగు మీదున్న పిల్ల తండ్రి గోడ దూకాడు. వీధిలో తలుపులన్నీ దడదడా మూసుకున్నాయి. వెనకనుంచి ఆ ఇంటి మనుషులు ఇద్దరు వచ్చి నన్ను నేలకేసి అదిమారు.

“ఎవురు పంపినార్రా నిన్ను?”

“మాయమ్మ.”

“దేనికి?”

“పిల్లను చూసేదానికి.”

తువ్వాలు లాగేశారు. “ఏందప్పా, మొగమంతా ఈ వాతలు?” అన్నాడు ఒకడు.

“తెల్లగయ్యేదానికి లైటు పెట్టించుకున్న్యానన్నా.”

వీధి వీధంతా తలుపులు తీసి మరీ నవ్వింది. పిల్ల తల్లి మాత్రం నవ్వలేదు. ఒలికిన బియ్యాన్ని చాటలోకి ఎత్తుతూ నాతో అంది.

“మా పెద్దోన్ని నరికినోళ్లు గూడా ఇట్లే తువ్వాలు చుట్టుకోని వచ్చినారు నాయనా. నల్లగుంటే ఏమి, ఎర్రగుంటే ఏమి? మొగం కనపడేట్టు వచ్చింటే సాలు మాకు.”

సిగ్గుతో చచ్చిపోయాను. అంత సిగ్గు మళ్లీ ఎన్నడూ పడలేదు. పిల్ల తండ్రి మోకాలు పట్టుకుని కుంటుతూ తిరిగొచ్చాడు. అదే సమయానికి మా మేనమామ అరటిగెలతో వచ్చి, “ఏమప్పా, పిల్లోడు నచ్చినాడా?” అని అడిగాడు.

వాతలు కొన్నాళ్లకు మానాయి. సంబంధం ఆ పూటే పోయింది. ఆమె మాట మాత్రం నన్ను వదల్లేదు.

కాబట్టి అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎండ మాడ్చినా, దుమ్ము కొట్టినా, ఎవరి వాకిటికి పోయినా వీధి మలుపు నుంచే మొహం చూపిస్తూ, పేరు చెప్పుకుంటూ పోతాను. టెంకాయలు మాత్రం మా మేనమామే మోయాలి.