నీళ్ళు తాగించిన సిస్టరమ్మ

గురువారం తెల్లవారి పాలామె చెబితే నమ్మలేకపోయాను. "సిస్టరమ్మ పోయిందంట తల్లీ, నిద్దట్లోనే." నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. ఇక ఎవరినడగాలి?

వీధంతా సిస్టరమ్మ అని పిలిచే సుగుణమ్మగారు నర్సుగా పనిచేసి, ఉద్యోగం చాలించాక తాడిపత్రిలో మా వీధి చివర స్థిరపడ్డారు. రెండేళ్ళ కిందట నాపరాళ్ళ లారీ మీదినుంచి పడి నా భర్తకు వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది. మలమూత్రాలు ఆయన అధీనం తప్పాయి. చంటిబిడ్డ గుడ్డలూ ఆయన గుడ్డలూ ఒకే తాడు మీద ఆరేస్తూ ఏడుస్తున్నప్పుడు, ఆమె పిలవకుండానే వచ్చారు. నాలుగైదు గంటలకొకసారి, మరగబెట్టిన రబ్బరు గొట్టంతో మూత్రం తీయడం నేర్పారు. రోజూ తిన్న అరగంటకు, ఒకే వేళకు, విరేచనం చేయించడమూ నేర్పారు.

"దానికీ గడియారమేందమ్మా, విడ్డూరం!" అంది మా అత్త.

"నీ కాఫీకి లేదా? రోంత ఆలస్యమైతే వీధంతా ఇనపడతాదే నీ గొంతు!" అన్నారు సిస్టరమ్మ.

అత్త నవ్వేసింది. మా ఇంట్లో ఆ సంగతి నవ్వుతూ మాట్లాడుకోవడం అదే మొదలు.

ఆ ఎండాకాలం బోరింగు దగ్గర రెండు బిందెలకు పూటంతా పట్టేది. ఆయన నీళ్ళు తక్కువ తాగితే, గొట్టం పెట్టే వేళల నడుమ గుడ్డలు తక్కువ తడుస్తాయని నేనూ ఆయనా కూడబలుక్కున్నాం. బి.ఏ. చదివిన నాకు అది తెలివిగానే తోచింది. పది రోజుల్లో మూత్రం చిక్కబడి, చలిజ్వరంతో ఆయన ఆస్పత్రి పాలయ్యారు. సిస్టరమ్మ మంచం పక్కన నిలబడి, "నీళ్ళు మిగిలిచ్చి ఎవురికి దాస్తాండావప్పా? గుడ్డలైతే ఉతుక్కోవచ్చు. మూత్రపిండం చెడితే యాడ తెస్తావు?" అన్నారు. ఇంటికి వచ్చాక, తాను పట్టుకున్న రెండు బిందెల్లో ఒకటి రోజూ మా గడపలో దించి వెళ్ళేవారు.

"నీ పెండ్లాం ఒకనాడు జబ్బుపడితే నీ గతేంది నాయనా? చేతులుండాయి కదా, గొట్టం నువ్వే పెట్టుకో" అని ఆయనను పోరేవారు. గాయమవుతుందని అడ్డుపడింది నేనే.

ఆమెకు మట్టి వేసి వచ్చిన మధ్యాహ్నం ఆయన చేయి చాచారు. "గొట్టం ఇటియ్యే. ఆయమ్మ మాట ఇప్పుడన్నా ఇందాం."

సబ్బుతో చేతులు కడుక్కుని, మెల్లగా, తానే పెట్టుకున్నారు. గిన్నెలోకి ధార పడింది. ఆయన ముఖం వెలిగింది. గొట్టం తీశాక చివర ఎర్రని చుక్క.

రేపటిదాకా ఆగవచ్చా, ఇప్పుడే బయలుదేరాలా? ఆమె ఒక్క చూపుతో తేల్చేవారు. అప్పటికప్పుడే ఆయనను ఆస్పత్రికి చేర్చాను. కొత్తలో ఇలా అవుతుంది, పరవాలేదన్నారు డాక్టరు.

ఆయన చేయి కుదిరేదాకా పక్కన ఉండవలసిన మనిషికి కడసారి నమస్కరించి వచ్చాం. ఆమె నిలబడవలసిన చోట ఇక నేను నిలబడాలి, భయపడుతూనే.