కత్వాకు దారి అడిగిన మనిషి

నమ్మకపోవడమే నా ఉద్యోగం. బండ్లకు యాక్సిడెంట్ అయిందని పెట్టుకునే బీమా క్లెయిముల్లో ఏది నిజమో, ఏది నాటకమో తేల్చి రిపోర్టు రాస్తాను. చాలా ఏళ్లుగా అదే పని. లేని లారీ వచ్చి గుద్దిందని ఏడ్చినవాళ్లను, విరగని కాలికి కట్టు కట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. ఎవరైనా దయ్యం కథ చెబితే, దీనివల్ల ఇతనికేం లాభం అనే మొదట ఆలోచిస్తాను. ఇది చదివేవాళ్లు నా గురించి కూడా అలాగే ఆలోచించవచ్చు. నాకేమీ బాధ లేదు.

మాది నాచారం. మా సరోజక్క ఇల్లు మాకు రెండు వీధుల అవతల. ఆమె భర్త ప్రభుదాస్ బావ ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పనిలో ఉండగా ఎడమకాలి మీద ఇనుప దిమ్మె పడింది. అప్పటినుంచీ ఆ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. రెండేళ్ల కిందట గుండె ఇబ్బంది పెట్టడం మొదలైతే డాక్టరు రోజూ నడవమన్నాడు. లారీల మధ్య నడిచి ఏం బాగుపడతానని బావ ఆ మాట పక్కన పెట్టాడు.

ఆయనకు పాత కట్టడాలంటే పిచ్చి. అందుకని ఆదివారం చర్చి కాగానే నా బండి మీద ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఉప్పల్ చౌరస్తా, పీర్జాదిగూడ దాటి మూసీ పారే వైపు పోతే ఊరు మెల్లగా వెనకబడుతుంది. గడ్డి మళ్లు, వరి పొలాలు, తాటిచెట్లు. మురుగు వాసన మాత్రం వదలదు. నీళ్ల మీద తెల్లని నురుగు తేలుతూ ఉంటుంది. అయినా ఆ ఒడ్డు వెంట చూడాల్సినవి చాలా ఉన్నాయి. మెట్ల బావులు, సగం కూలిన బురుజులు, బాటసారుల కోసం ఎప్పుడో కట్టిన రాతి ముసాఫిర్‌ఖానా. కాలువలకు నీళ్లు మళ్లించడానికి ఏటికి అడ్డంగా కట్టిన పాత రాతి గోడలు కూడా ఉన్నాయి. వాటిని అక్కడ కత్వాలంటారు. బావ ప్రతి రాయి అతుకు మీదా వేలు పెట్టి చూసి, "మిషిన్ లేకుండ గింత సాఫ్ ఎట్ల కోసిన్రు రా!" అనేవాడు. చరిత్ర నాకు పెద్దగా తెలియదు. ఆయన సంతోషం చూడటం బాగుండేది.

మొదటిసారి అనుమానం వచ్చింది ఒక టీ కొట్టు దగ్గర. అంతకుముందు మేం ఎన్నడూ పోని ఊరు. కొట్టు నడిపే ఆమె నాకు టీ పోసి, బావ వైపు తిరిగి అడిగింది.

"ఇయ్యాల గూడ చక్కెర లేకుండనేనా, పెద్దాయనా?"

బావ చక్కెర లేకుండానే తాగుతాడు. కానీ ఆమెకా సంగతి ఇంకా చెప్పలేదు. మేం మొదటిసారి వచ్చామంటే ఆమె నవ్వింది. "మొన్ననే గద వస్తివి. కత్వా కాడికి తొవ్వ అడిగితివి" అంది.

ఎవరినో చూసి పొరబడి ఉంటుందని బావ తేలిగ్గా తీసుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. మా వృత్తిలో అబద్ధం ఎప్పుడూ ఇలాంటి చిన్న మాట దగ్గరే దొరుకుతుంది.

రెండు వారాల తర్వాత ఇంకో ఊళ్లో ఒకతను ఆటో ట్రాలీలోకి గడ్డి మోపులు ఎత్తుతున్నాడు. బావను చూడగానే చెయ్యి ఊపాడు. "కత్వా దొరికిందా సారూ?" అని అరిచాడు.

ఈసారి బావ నవ్వలేదు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అది అబద్ధం దొరికిపోయినవాడి ముఖమని ఆ రోజు అనుకున్నాను.

అటువైపు అంతా ప్లాట్లు వేస్తున్నారు. అక్కకు చెప్పకుండా ఏదైనా బేరంలో తలదూర్చాడా? లేక చెప్పుకోలేని మనుషులెవరైనా ఉన్నారా అక్కడ? రిటైరయ్యాక పగలంతా ఎక్కడికి పోతున్నాడో ఎవరు చూశారు? బావతో ఏమీ అనకుండా ఒక సాయంత్రం అక్క దగ్గర కదిపాను. నేను చేసిన తప్పు అదే.

"మీ బావ మీద నువ్వు ఎంక్వైరీ జేస్తున్నవారా?" అంది అక్క. ఆ రాత్రి ఆయన్నే నిలదీసి అడిగిందట. మర్నాడు పొద్దున్నే బావ మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ముప్పై ఏండ్ల సంది జూస్తున్నవ్ నన్ను. నన్నే అడగొచ్చు గదరా. దాన్నెందుకు ఏడిపిస్తివి?"

లోపలికి రమ్మన్నాను, రాలేదు. తిరిగి వెళ్లిపోతూ, "వచ్చే ఆదివారం పోదాం. నా లెక్కున్న గా మనిషెవడో నేను గూడ సూడాలె" అన్నాడు.

ఆ వారం మధ్యలో, గురువారం, బావకు గుండె పరీక్ష ఉంది. చేతి మణికట్టు నుంచి సన్నని తీగ పంపి చూసే పరీక్ష. పొద్దున ఎనిమిదికి నేనే దవాఖానాకు తీసుకుపోయాను. పదిన్నరకు లోపలికి తీసుకెళ్లారు, పన్నెండు దాటాక బయటకు తెచ్చారు. ఆయన కళ్లద్దాలు, వాచీ నా చొక్కా జేబులో ఉన్నాయి. చెప్పులు నా కాళ్ల దగ్గర ఉన్నాయి. సాయంత్రం దాకా కుడిచేతికి గట్టిగా కట్టు ఉంది. పెద్ద భయమేమీ లేదు, మందులతో సరిపోతుందన్నారు. రెండు రోజులాగి తిరగొచ్చన్నారు కూడా. ఇదంతా ఎందుకు రాస్తున్నానో కొంచెంసేపట్లో తెలుస్తుంది.

ఆదివారం వద్దన్నా బావ వినలేదు. ముసాఫిర్‌ఖానా దగ్గర ఆగాం. తాగుబోతులు చేరుతున్నారని ఊరివాళ్లు అక్కడ ఒక ముసలాయనను కాపలా పెట్టారు. లోపలికి పోయే ప్రతివాళ్లూ ఒక నోటుపుస్తకంలో పేరు, ఊరు, వచ్చిన టైము రాయాలి. ముసలాయన బావను ఎగాదిగా చూశాడు.

"మల్ల రాస్తవా? మొన్న రాస్తివి గద."

పుస్తకం నేనే తీసుకున్నాను. వెనక పేజీలో ఉంది. ప్రభుదాస్, నాచారం. గురువారం తేదీ. టైము పదకొండు.

మా చర్చి బోర్డు మీద ప్రతి ఆదివారం వాక్యం రాసేది బావే. ఆయన రాత నాకు బాగా తెలుసు. "ప్ర" కింద ర వత్తును అవసరానికి మించి కిందికి లాగి కొక్కెంలా తిప్పుతాడు. ఆ పేజీలో అదే కొక్కెం ఉంది. ఫోను తీసి ఫోటో తీసుకున్నాను.

బావ ఆ పేరు మీద వేలు పెట్టి చూశాడు. "నేను రాసిందే" అన్నాడు మెల్లగా. "రాత నాదే. నేను రాయలేదు."

అప్పటిదాకా నాకు ఆయన మీదే అనుమానం. ఆ క్షణం నుంచి ఎవరిని అనుమానించాలో తెలియలేదు. గురువారం పదకొండుకు ఆయన ఎక్కడున్నాడో చెప్పగల సాక్షిని నేనే. ముసలాయనను తిప్పి తిప్పి అడిగాను. తేదీ తప్పేమో అన్నాను. ఎవరైనా ఆటపట్టిస్తున్నారేమో అన్నాను. ఆయన విసుగ్గా, "గీ సారే వచ్చిండు. కాలు ఈడ్సుకుంట వచ్చిండు. రాసి, కత్వా ఎటుందని అడిగి పోయిండు" అన్నాడు.

ఇంటికి పోదామన్నాను. బావ అప్పటికే రోడ్డు మీదికి వచ్చేశాడు. "తొవ్వ అందరినీ అడిగిండు గద. ఇంక మనం అడిగే పనిలేదు" అన్నాడు.

ముసలాయన చూపించిన వైపే పోయి కత్వా చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఏటికి అడ్డంగా పొడుగాటి రాతి గోడ, దాని మీద పలచగా నీళ్లు పొర్లుతున్నాయి. ఒడ్డున ఒకామె గడ్డి కోసి మోపు కడుతోంది. మమ్మల్ని చూసి చేతిలో తాడు వదిలేసింది.

"ఇప్పుడే గద గోడ మీదికెల్లి అటు దిక్కు పోతివి! మల్ల ఇటుకెల్లి ఎట్ల వస్తివి?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. మోపు తలకెత్తుకుని, ఒకసారి కూడా వెనక్కి చూడకుండా గట్టు ఎక్కి వెళ్లిపోయింది. మేం ఇద్దరమే మిగిలాం.

అవతలి ఒడ్డున ఈతచెట్ల కింద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. వీపు మా వైపు. తెల్ల చొక్కా. ఆ రోజు బావ వేసుకున్నదీ తెల్ల చొక్కానే. కానీ ఆదివారం సగం ఊరు తెల్ల చొక్కాలే వేస్తుంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అతను లేచాడు. గట్టు వెంట నాలుగడుగులు వేశాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడు.

"నా నడకే రా అది" అన్నాడు బావ. చెప్పులు విడిచి గోడ మీద కాలు పెట్టాడు. "పోయి అడిగొస్తా."

పాచి పట్టిన రాయి, గుండె జబ్బు మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా వెనక్కి లాగాను. ఇద్దరం పెనుగులాడాం. "అక్క కోసం రా బావా, దండం పెడతా" అన్నాక ఆయన చెయ్యి సడలించాడు. మళ్లీ చూసేసరికి అవతల ఎవరూ లేరు. వెనక్కి తిరక్కుండా బండి దాకా నడిచాం.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, ఆయనకు చెప్పకుండా, వంతెన చుట్టి నేనొక్కడినే అవతలి ఒడ్డుకు పోయాను. పోలికలున్న మనిషి ఎవరైనా ఆ వైపు ఉంటే దొరక్కపోడని నా నమ్మకం. దొరికితే అక్క ముందు నిలబెట్టి బావకు క్షమాపణ చెప్పుకోవచ్చు. రెండు ఊళ్లలో బావ ఫోటో చూపించాను. ఈ ఒడ్డున ముగ్గురు నలుగురు గుర్తుపట్టిన మనిషిని ఆ ఒడ్డున ఒక్కరు కూడా చూడలేదు.

చివరికి ఈతచెట్ల పక్క పొలం రైతు దగ్గరికి పోయాను. ఆదివారమంతా భార్యతో కలిసి అక్కడే నాటు వేశానన్నాడు.

"గీ చెట్ల కిందనే బువ్వ తిన్నం. ఇటు దిక్కు పిట్ట గూడ రాలె" అన్నాడు. తర్వాత నన్ను పోల్చుకున్నాడు. "నిన్న ఆ ఒడ్డు మీద ఉన్నది నువ్వే గద? పెద్దాయన చెయ్యి పట్టుకోని గుంజుతుంటివి. ఏమైందో అనుకున్నం. మీ ముగ్గుర్ని జూసుకుంట గట్లనే కూసున్నం."

మేం ఇద్దరమే ఉన్నామన్నాను. ఆ చెట్ల కింద ఈ భార్యాభర్తలు నాకు కనబడనే లేదని మాత్రం అనలేదు.

"ముగ్గురు. ఇంకొకాయన మీ ఎనకనే నిలబడె. నువ్వు గుంజుతున్నాయన లెక్కనే ఉండె. అన్నదమ్ములనుకున్న."

అతని భార్య కూడా అదే చెప్పింది. ఇద్దరినీ విడివిడిగా అడిగాను. అది నా అలవాటు. మాట తేడా రాలేదు.

బావకు అన్నదమ్ములు లేరు. నోటుపుస్తకం ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది. దొంగ సంతకాలు పట్టుకునే పనిలో ఉన్న ఒక మిత్రుడికి, ఎవరిదో చెప్పకుండా బావ రాతతో పాటు చూపించాను. ఒకే చెయ్యి అన్నాడు. ఇది మా ఆఫీసుకు వచ్చిన క్లెయిమయితే ఏం రాసి ముగించేవాణ్ణో నాకు తెలియదు.

రైతు చెప్పిన మాట బావకు చెప్పలేదు. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నాడు. ముందుకంటే కూడా బాగున్నాడని డాక్టరు అన్నాడు. మూసీ వైపు పోదామని మళ్లీ అడగలేదు. అక్క నాతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ రోజు నేను చెయ్యి పట్టుకుని తెచ్చింది మా బావనే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా సాయంత్రాలు ఆయన వచ్చి తలుపు తట్టి "రాజూ" అని పిలిస్తే, గడియ మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగుతున్నాను. దయ్యం ఒక్కసారే పిలుస్తుందంటారు. రెండోసారి పిలిచాకే తీస్తున్నాను.