నాయిన అలసట, చిన్నమ్మ దిగులు

మా వీధిలోకి సీతాఫలాల బండి వచ్చినప్పుడల్లా ఆ మగ్గిన తీపి వాసనకు గోపాల్‌పేటలో అవ్వ ఇల్లు, వరిగడ్డిలో కాయలు మగ్గేసిన మూల, ఆ మూలనే గోడకానుకుని కూర్చున్న చిన్నమ్మ గుర్తొస్తారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. వనపర్తి నుంచి హైదరాబాదుకు బస్సు నడిపే మా నాయిన, ఎడతెగని డ్యూటీలతో వడలిపోయి, ఎక్కడ హారన్ వినబడినా మొహం చిట్లించేవాడు. ఆ దసరాకు సెలవు పెట్టించి అమ్మ మమ్మల్ని తన పుట్టింటికి, అవ్వ దగ్గరికి తీసుకెళ్లింది. అమ్మ చెల్లెలు, బడిలో పాఠాలు చెప్పే సుజాత చిన్నమ్మ, అప్పటికే పని మానేసి అక్కడే ఉంది.

"ఇద్దరు పనిచేసి అలిసిన్రు. జర తిని పండుకుంటె అదే పోతది" అంది అవ్వ.

నాయినకు అలసట నిజంగానే పోయింది. జొన్నరొట్టె, పుంటికూర తిని, వేపచెట్టు కింద మధ్యాహ్నమంతా నిద్రపోయి, సాయంత్రం మాతో గోలీలాడి, తంగేడు పూలకని గుట్టెక్కి పాటలు పాడుతూ దిగేవాడు. బస్సు మాటెత్తితే మాత్రం మొహం మాడ్చుకునేవాడు. చిన్నమ్మ అదే రొట్టె తుంచి కంచంలోనే వదిలేసేది. ఎంత పడుకున్నా ఆమె కళ్ల కింద నలుపు తగ్గలేదు. వాడలో అందరికన్నా అందంగా బతుకమ్మ పేర్చే మనిషి, గునుగు పూలు ముందు పోస్తే చెయ్యయినా పెట్టలేదు.

నాయిన వెళ్లి పక్కన కూర్చున్నాడు. "ఏంది సుజాతా, గిట్లున్నవ్?"

"తెల్వదు బావా. నేను లేకుంటెనే మీకందరికి మంచిగుంటదనిపిస్తది."

నాయిన లేచి అవ్వతో అన్నాడు: "నాకు బస్సంటెనే యాష్టకొచ్చిందత్తా, ఇసుగు పుట్టింది. ఈమెకు పువ్వులు, బువ్వ, ఆఖరికి తన పానం సుత యాష్టకొచ్చింది. గిది పండుకుంటె పొయ్యేది కాదు. దవాఖానకు తోల్కపోత."

"పిచ్చి డాక్టరు దగ్గరికా? నలుగురేమంటరు?" అని అవ్వ ఏడ్చింది. నాయిన వినలేదు. తెల్లారి, తనకు చూడబుద్ధి కాని ఆ బస్సులోనే ఆమె పక్కన కూర్చుని వెళ్లాడు. డాక్టరు మందులిచ్చి, ఒంటరిగా వదలొద్దన్నాడట. అప్పటి నుంచి అవ్వ ఆమె కొంగు చేతికి చుట్టుకుని పడుకునేది.

నాయిన చుట్టుపక్కల ఊళ్లు తిరిగే బస్సుకు మారి కుదుటపడ్డాడు. చిన్నమ్మకు చలికాలమంతా పట్టింది. ఒక పొద్దున అవ్వ ఉడకేసిన అనపకాయలు చిన్నమ్మ వొలుచుకుని నోట్లో వేసుకుంటూ, "ఉప్పు తక్కువైందమ్మా" అంది. అవ్వ ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడి, ఏడుస్తూ నవ్వింది.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ మట్టి గోడలు లేవు, గుట్టను కంకరకు తవ్వేశారు. చిన్నమ్మ ఉంది. ఇవాళే ఫోన్ చేసి, తన బడిపిల్లల అల్లరి మీద గంటసేపు ఫిర్యాదులు చెప్పింది.