అద్దాల బిల్డింగు మీద మా అల్లుడు

పొద్దున ఆరింటికి పరకాలలో బస్సెక్కాను. మా చిన్నల్లుడు రమేశ్ కల్లుగీత విడిచిపెట్టి, హైదరాబాదులో అద్దాల ఆఫీసు భవనాలను తాళ్లకు వేలాడుతూ తుడిచే పనిలో చేరి నెలయింది. అప్పటి నుంచి మా బిడ్డ లావణ్య ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడుతోంది. "అంత మంచిగనే ఉందంటడు బాపూ. జర నువ్వు పోయి కండ్లార చూడు. భయమనిపిస్తే తోల్కొని రా" అంది. మా తమ్ముడు తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయిన రోజు నేను చెట్టు కిందే ఉన్నాను. కాదనలేకపోయాను.

హనుమకొండలో ఉప్పల్ బస్సుకు మారాలి. ఆడవాళ్లకు టికెట్ లేదు, డెబ్బై దాటిన నాకు ఉంది. ఇదెక్కడి న్యాయమని కండక్టరమ్మను నిలదీశాను. "ముందు సీటు ఇస్త తాతా, లొల్లి వెట్టకు" అంది. సీటు దొరికింది, న్యాయం దొరకలేదు.

ఉప్పల్ నుంచి మెట్రోలో రాయదుర్గం, అక్కడి నుంచి ఆటో. వెళ్లేవాళ్లు నీళ్ల సీసా దగ్గరుంచుకోండి. అక్కడ నిలబడడానికి నీడ కూడా లేదు. ఎండ మండే ఊళ్లో గోడలకు బదులు అద్దాలు పెట్టడం, లోపల ఏసీలు వేసుకోవడం, ఆ అద్దాలు తుడవడానికి మళ్లీ మనుషులను వేలాడదీయడం! ఏ బడిలో నేర్పారో ఈ తెలివి.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన లోపలికి పోనివ్వలేదు. తలెత్తి చూశాను. ముగ్గురు వేలాడుతున్నారు. వాళ్లలో ఎర్ర హెల్మెట్ పెట్టుకున్నతను ఒక్కసారిగా జర్రున జారాడు.

"పడ్డడు! పట్టుకోండ్రి!" అని అరుస్తూ గేటు తోసుకొని ఉరికాను.

సెక్యూరిటీ ఆయన నా భుజాలు పట్టుకొని ఆపాడు. "పడలే తాతా, దిగుతాండు! అన్నం టైమయింది."

ఆ దిగినతను మా రమేశే. "ఏంది మామా, బిల్డింగంత ఇనొచ్చేటట్టు మొత్తుకున్నవ్" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతని నడుము పట్టీని, తాళ్లను గుంజి గుంజి చూశాను. ఒక తాడు దిగడానికి. అది తెగితే పట్టుకోవడానికి రెండోది, పైన వేరే చోట కట్టింది.

"గాలి లేస్తే పని బందు మామా. ఫికర్ వద్దు."

"మా తమ్ముని నడుముకు ఒక్క మోకుతాడే ఉండె అల్లుడా" అన్నాను.

అతను నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం ప్రహరీ పక్కన కూర్చుని అతని టిఫిను డబ్బాలోని పప్పన్నం పంచుకున్నాం.

సాయంత్రం బస్సులోంచి లావణ్యకు ఫోను చేసి అంతా చెప్పాను. "నువ్వు తిన్నవా బాపూ?" అంది అంతా విని. ఈ నెలలో ఆమె నోట మామూలు మాట వినడం అదే మొదటిసారి.

ఆ అద్దాల మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ బస్సు రఘునాథపల్లి ఎప్పుడు దాటిందో తెలియలేదు. అంత నిద్ర పట్టింది.